కుడిచెవి పక్క కుర్చీ

మొగుడి మీద ఆవిడకున్న ఫిర్యాదల్లా ఒక్కటే, ఆయన రోజూ చచ్చి ఇంటికొస్తాడు. వచ్చి, చెప్పులు విప్పుతూ "ఇవాళ చచ్చి బతికానోయ్" అంటాడు, కాఫీ అడుగుతాడు, కాఫీలో పంచదార తక్కువైందని కూడా అంటాడు. చచ్చినవాడికి పంచదార పట్టింపు ఏమిటో ఆవిడకు ఇన్నేళ్ళుగా అంతుబట్టలేదు. ఆయన డ్రైవింగు స్కూల్లో మాస్టారు. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పాడు, వాళ్ళ బారి నుంచి మిగతా సగాన్ని కాపాడుతున్నదీ తనే అంటాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కసీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర తనకంటూ ఒక బ్రేకు పెట్టుకుని, "ఏం ఫర్వాలేదమ్మా, నెమ్మదిగా, లారీ దారి లారీది, మన దారి మనది" అని వెన్నలాంటి గొంతుతో చెప్పే మనిషి, ఇంటికి రాగానే వంటింటి బల్ల దగ్గర తన కుర్చీలో కూలబడి, ఆ వెన్నంతా మరగబెట్టి ఆవిడ నెత్తిన పోస్తాడు. ఎవరో క్లచ్చనుకుని ఇంకేదో తొక్కారు, ఎవరో నడిరోడ్డు మీద అద్దంలో జుట్టు సవరించుకున్నారు, ఒక పెద్దాయన మలుపు దగ్గర కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన కాలు నేలమీద బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ "అయ్యో" అంటుంది, "అప్పుడో?" అంటుంది, "మీరు కాబట్టి సరిపోయింది" అంటుంది. ఈ చివరిది పడితే గాని ఆయనకు కాఫీ గొంతు దిగదు. ఇది ఎవరు రాసుకున్న ఒప్పందమో, సంతకాలు ఎప్పుడయ్యాయో ఎవరికీ గుర్తులేదు గాని, ఆయన చెప్పడం, ఆవిడ ఓదార్చడం ఆ ఇంట్లో పంపు తిప్పితే నీళ్ళొచ్చినంత మామూలు. నీకు దాహమేస్తోందా అని పంపునెవరైనా అడుగుతారా?

ఆ పంపు ఇప్పుడు ఊరికి ఇంకో చివర, ముక్కు చెవి గొంతు ఆస్పత్రి పైఅంతస్తులో, ఆకుపచ్చ గౌను తొడుక్కుని, ఒకే ఇనపకడ్డీకి గుచ్చిన కుర్చీల వరసలో చివరి కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరు కదిలినా వరసంతా కదిలే కుర్చీలవి. చివరిదే ఎందుకంటే అక్కడ కూర్చుంటే లోకమంతా ఎడమవైపు ఉంటుంది, కుడివైపు గోడ ఉంటుంది. గోడ ఏమీ మాట్లాడదు, మాట్లాడినా వినబడదు. కుడిచెవి లోపల ఎక్కడో గింజంత ఎముక బిగుసుకుపోయిందిట, తలుపు మడతబందు తుప్పు పట్టినట్టు. దాన్ని తీసి కొత్తది పెడతామన్నాడు డాక్టరు, పెద్ద పనేం కాదమ్మా అన్నాడు. పెద్ద పని కాదన్నవాడే ఆ తర్వాత గొంతు తగ్గించి, నూటికో కోటికో ఉన్న వినికిడి కూడా పోవచ్చు అన్నాడు. గొంతు తగ్గించి చెబితే ఈవిడకు వినబడదని చెవుల డాక్టరుకు తెలియకపోవడమేమిటో, పెదాలు చూసి అర్థం చేసుకుంది. ఎడమచెవిలోనూ అదే మొదలైంది, ఇక వాయిదా వేయొద్దు అని కూడా అన్నాడు. మత్తు చెవి వరకేట, మనిషికి కాదుట. మెలకువగా పడుకుని, తన చెవిలో తవ్వుతున్న చప్పుడు తనే వినాలిట. విననీ, ఇన్నేళ్ళూ విన్నవాటి కంటే అదేం ఎక్కువ కాదు కదా అనుకుంది, అనుకుని నవ్వుకోబోయింది, నవ్వు పొట్ట దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. చేతులు చల్లగా ఉన్నాయి. ఏసీ వల్ల అయ్యుంటుంది.

"మీతో ఎవరొచ్చారాంటీ?" అని కౌంటరు దగ్గరి అమ్మాయి ఇందాకే ఒకసారి అడిగింది. "వస్తున్నారు" అంది ఆవిడ. "ఎక్కడున్నారు?" "దారిలో." అబద్ధమేమీ కాదు, మాస్టారి ఉద్యోగమే దారిలో. "వచ్చాకే లోపలికి తీసుకుంటారాంటీ, బయటికొచ్చాక తల తిరుగుతుంది, పట్టుకునే మనిషి లేకపోతే డాక్టర్‌గారు ఒప్పుకోరు, ఇవాళ తప్పితే మళ్ళీ ఆయన ఊళ్ళో ఉండరు" అని ఆ అమ్మాయి చిలక పలుకులు పలికి కంప్యూటరులోకి దూరిపోయింది. పట్టుకునే మనిషి. పట్టుకోవడానికి గోడ లేదా, మెట్ల పక్కన కమ్మీ లేదా, టాక్సీ తలుపు లేదా? ఆవిడ పథకమంతా గోడా కమ్మీ టాక్సీల మీదే నడిచింది. ఇంట్లో బజారుకని చెప్పి బయల్దేరింది. ఆపరేషనయ్యాక టాక్సీలో వెళ్ళిపోయి, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. చెవిలో ఇంత దూది ఉంటుంది. తెల్లటి దూది, నల్లటి జుట్టు, వంటింట్లో ట్యూబులైటు. చూస్తాడా, చూడడా? ఆ ఘట్టాన్ని ఆవిడ ఎన్నిసార్లు మనసులో ఆడించుకుందో, ఆడించినప్పుడల్లా మాస్టారు చూడలేదు. దూది వైపే కూర్చుని, దూదికే తన చావు కబుర్లన్నీ చెప్పి, కాఫీ తాగి లేచి వెళ్ళిపోయాడు. అప్పుడావిడ గుండెల్లో ఒక చల్లటి ఆనందం, పందెం గెలిచినవాళ్ళ ఆనందం.

అసలు చోద్యమేమిటంటే ఆయన కుర్చీ ఆవిడ కుడిచెవి పక్కనే. పోయిన ఏడాది వానలప్పుడు ఆయన మాట దుప్పటి కప్పుకుని వస్తున్నట్టు అనిపించడం మొదలైంది. ముందు ఆయన గొంతే తగ్గిందనుకుంది, వయసు కదా అని జాలిపడింది కూడా. తర్వాత కుక్కరు కూత, తర్వాత కాలింగ్ బెల్లు, తర్వాత తెలిసింది. ఆమె తన కుర్చీని ఇటునుంచి అటు వేసుకుంటే చాలు, ఎడమచెవి ఆయన వైపు ఉంటుంది, గోటితో పోయే పని. వేసుకోలేదు. ఎందుకు వేసుకోవాలి? దారిన పోయే కొత్త డ్రైవరు కనురెప్ప వాలుతుందంటే ముందే కనిపెట్టి బ్రేకు తొక్కే మనిషి, చెమట పట్టిన అరచేతిని స్టీరింగు మీద చూసి "భయమేస్తోందా అమ్మా, కాసేపు పక్కకాపుదాం" అనే మనిషి, పెళ్ళాం ఒక చెవితో బతుకుతోందని కనిపెట్టలేడా? కనిపెట్టాలి. అది తన హక్కు. చెప్పించుకుని తెలుసుకునేదానికి మొగుడెందుకు, కౌంటరు దగ్గర ఆ అమ్మాయి చాలదూ? అందుకని ఏడాదిగా ఆవిడ అక్కడే కూర్చుని, సగం విని, సగం ఆయన కాలు బ్రేకు తొక్కే తీరు చూసి, సరైన చోట "అయ్యో", సరైన చోట "అప్పుడో?" వేస్తూ వచ్చింది. ఒక్క తాళం తప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారు గాని, ఊదినవాడికే తెలియనివ్వని చెవిటివాళ్ళు ఎంతమంది ఉంటారు? ఈ విద్యలో పతకాలివ్వరు గాని, ఇస్తే ఆవిడ గూట్లో చోటు చాలదు. పైగా ఈ జబ్బులో మన గొంతు మనకే గుడిగంటలా మోగుతుంది, దాంతో గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఒకరోజు మాస్టారు కాఫీ కప్పు పక్కన పెట్టి, ప్రేమగా చూసి, "ఈమధ్య నీ మాటలో ఎంత మెత్తదనం వచ్చిందోయ్, ఎంత శ్రద్ధగా వింటున్నావు, ఇదివరకు మధ్యలో అడ్డు తగిలేదానివి" అన్నాడు. తన కాపురం మొత్తంలో ఆవిడకు దక్కిన అతి పెద్ద మెప్పు అది. అది చెముడుకు దక్కింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్ళమ్మ అడిగినవాళ్ళకు పెట్టేది కాదు. ఇంట్లో కేకు కోస్తే, చివరి ముక్క కోసం అక్క చెయ్యి చాచేది, చాచిన చేతి మీద ఒకటి పడేది. ఈవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది, కేకు అనే వస్తువు భూమ్మీద ఉందని తెలియనట్టు. కాసేపటికి ముక్క నడుచుకుంటూ వచ్చి ఈవిడ పళ్ళెంలో పడేది. "చూడు, నోరెత్తదు నా తల్లి" అని అమ్మ తల నిమిరేది. ఆ నిమరడం కోసం ఈవిడ ఎన్ని కేకుల వైపు చూడకుండా ఉందో! అడిగి తెచ్చుకున్న జాలి అరువు చెప్పుల్లాంటిది, నడిచినంతసేపూ కరుస్తుంది అనేది అమ్మ. అక్కకు ఆ పాఠం అబ్బలేదు. ఇప్పటికీ వేలు తెగితే చాలు, బావకు ఫోను. "ఏమండీ, రక్తం!" ఆ మహానుభావుడు బ్యాంకులో క్యూ క్యూలాగే వదిలేసి పరుగెత్తుకొస్తాడు, వచ్చి చూస్తే ప్లాస్టరు వేసేంత కూడా ఉండదు. "సిగ్గులేదుటే నీకు?" అని ఈవిడ అంటే, "ఎందుకే సిగ్గు? ఆయనకి తలనొప్పొస్తే నేను తల పట్టడంలా? రాకపోతే పోట్లాడతా, వస్తే ముద్దు చేస్తా, నీలాగా మూతి బిగించుకుని మార్కులు వేస్తూ కూర్చోను" అంది అక్క. మార్కులు! ఎంత మాట! ఆ తర్వాత చాలాకాలం అక్కకు ఫోను చెయ్యలేదు. అక్కే చేసేది. తనకు తోచనప్పుడల్లా, సిగ్గులేకుండా.

వరస కదిలింది. పక్కన ఒక భారీ మనిషి, తలుపుకు అడ్డం పెట్టినా చాలేంత మనిషి, చెవికి కట్టు, కళ్ళల్లో నీళ్ళు, పీచులా ఉన్న భార్య భుజం మీద తల వాల్చాడు. వాలిన బరువుకు కుర్చీలన్నీ ఇటు ఒరిగాయి. "ఇంకా నొప్పిగా ఉందే" అంటున్నాడు. "ఉంటుంది మరి, అగ్గిపుల్లతో చెవి గెలుక్కోమని ఎవరు చెప్పారు" అంటూనే ఆ భార్య ఆయన వీపు రాస్తోంది. ఎంత హక్కుగా వాలాడు! ఇంత భుజం మీద అంత తల! లోకంలో మగవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట పుట్టుకతోనే ఒక భుజం రాసిపెట్టి ఉంటుంది కాబోలు. మాస్టారూ అంతే. ఈవిడకు జ్వరమొచ్చిన రోజు మంచం పక్కన నిలబడి, లారీ ఎంత దగ్గరికొచ్చిందో చేతులతో చూపించి, చివర్లో గుర్తొచ్చి ఈవిడ నుదుటి మీద చెయ్యి వేశాడు. వేసి, అదే చెయ్యి తన నుదుటి మీద వేసుకుని, "నాకూ కొంచెం వెచ్చగానే ఉందోయ్" అన్నాడు. ఇద్దరికీ కాఫీ ఈవిడే పెట్టింది. ఆ కథ చెబితే ఇప్పటికీ అక్క పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఈవిడా నవ్వుతుంది, నవ్వుతూ లోపల ఒక మార్కు తగ్గిస్తుంది.

"ఒక్కరే వచ్చారా?" అంది ఆ పీచుమనిషి, ఈవిడ వైపు వంగి.

"ఆఁ."

"ఆపరేషనుకే? అమ్మో, ఎంత ధైర్యమండీ మీకు! ఈయనైతే దూది తియ్యడానిక్కూడా నేను రావాలి."

ధైర్యం. ఆవిడ వెన్ను నిటారైంది, ఆకుపచ్చ గౌను మీద కూడా ఒక ఠీవి వచ్చింది. అవును మరి, ధైర్యమే. ఎవరినీ ఏమీ అడగలేదు ఇప్పటిదాకా. పురిటినొప్పులప్పుడు పళ్ళు బిగించి నర్సు చేత శభాష్ అనిపించుకుంది. వాళ్ళమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరికీ తనే మంచినీళ్ళిచ్చింది. ఈ గొప్పతనం ఒకరు పెట్టింది కాదు, స్వార్జితం. అంత గొప్పలోనూ ఒక చిన్న ముల్లు, ఎక్కడిదో తెలియదు, ఆ భారీ మనిషి వీపు మీద తిరుగుతున్న పీచు చేతిని చూస్తుంటే గుచ్చుకుంది. రాస్తున్న ఆ మనిషి ముఖంలో కష్టమేమీ లేదు. కొంచెం గర్వంగా కూడా ఉంది. తను ఉండబట్టి సరిపోయిందన్న గర్వం. ఆ గర్వం ఈవిడకు బాగా తెలుసు, సాయంత్రాలు ఉల్లిపాయల మధ్య తనకూ వస్తుంది అది. మీరు కాబట్టి సరిపోయింది అని ఆయనకు చెబుతూ, నేను కాబట్టి సరిపోయింది అని తను లోపల అనుకునే గర్వం. దాన్ని మాస్టారికి ఒక్కనాడైనా దక్కనిచ్చిందా?

ఒక్కనాడు దక్కబోయింది. పెళ్ళయిన కొత్త. కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ, చదివిన చదువుకు అదొక్కటే ఆశ, రాలేదని అక్కడే చెప్పేశారు. బయట వాన. బస్టాపు రేకు కింద నిలబడి, కళ్ళల్లోది వానే అని తనకు తనే చెప్పుకుంటుంటే, వీధి మలుపులోంచి ఒక గొడుగు పరుగెత్తుకుంటూ వచ్చింది. గొడుగు కింద మాస్టారు. అప్పటికింకా మాస్టారు కాదు, సన్నగా గెడకర్రలా ఉండేవాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది, చేతిలో ఇంకో గొడుగు, రెండూ తెచ్చాడు పిచ్చిమనిషి. ఎవరు చెప్పారో, ఎలా కనిపెట్టాడో. కనిపెట్టాడు. తనంతట తనే. ఏ హక్కు కోసం ఈవిడ ఇన్నేళ్ళుగా వ్యాజ్యం నడుపుతోందో, ఆ హక్కు తడిసి ముద్దయి ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పుడు తనేమంది? ఏడుపు ముఖం చూసేశాడన్న ఉక్రోషంలో, "నేనేమన్నా పిలిచానా?" అంది. ఆయన ఒక గొడుగు ఈవిడ చేతికిచ్చి, తనది తను పట్టుకుని, ఒక అడుగు వెనక నడిచాడు ఇంటిదాకా. తర్వాతెప్పుడో ఈవిడ చెయ్యి కాలినప్పుడు మందు ట్యూబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు కదూ, లోపలికి రాకుండా, పిలుస్తుందేమోనన్నట్టు? "ఏం లేదు, వెళ్ళి కూర్చోండి" అంటే వెళ్ళి కూర్చున్నాడు, కూర్చుని ఎవరో గేరు విరగ్గొట్టిన కథ ఎత్తుకున్నాడు. ఎంత రాయిగుండె అనుకుంది ఆరోజు. ఆయన పాఠాలు నేర్పే మనిషి, నేర్చుకోవడం కూడా తెలుసు. పిలవందే రాకూడదన్న పాఠం ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంత బాగా నేర్పిన మాస్టారెవరు?

అయితే మాత్రం, ఏడాది పాటు కనబడదా? ఆ మాత్రం చూపు ఉండొద్దూ? ఉండాలి, ఉండి తీరాలి, ఆ కేసు కొట్టివేసే ప్రసక్తే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఎవరైనా అననీ. కాని చెవిలో దూది పెట్టుకుని వంటింట్లో మాటు వేయడం, చూస్తాడేమో అని ఎదురుచూడడం కాదది, చూడకపోతే బాగుండునని కోరుకోవడం. ఇది తట్టగానే ఆవిడకు ఒళ్ళు జలదరించింది. ఆయన తప్పడం కోసం తను ఇవాళ ఒంటరిగా బల్ల ఎక్కబోతోంది. గెలిస్తే దక్కేదేమిటి? ఒక చెవీ, ఒక మార్కూ. నూటికో కోటికో తేడా వస్తే, మార్కొక్కటే.

"ఆంటీ, మీవాళ్ళొచ్చారా? మీ తర్వాతవాళ్ళని తీసుకోమంటున్నారు డాక్టర్‌గారు." కౌంటరు అమ్మాయి గొంతు ఎడమవైపు నుంచి వచ్చింది, స్పష్టంగా, తప్పించుకోవడానికి వీల్లేకుండా.

"ఒక్క నిమిషమమ్మా."

ఫోను తీసింది. వేళ్ళు చల్లగానే ఉన్నాయి, ఏసీ వల్ల కాదు. పాఠం మధ్యలో ఆయన ఫోనెత్తడు, ఎత్తకపోతే బాగుండునని ఒక మనసు, ఆ మనసును ఈసారి పట్టుకుని కూర్చోబెట్టింది. ఎత్తాడు.

"ఏమోయ్, నేనే చేద్దామనుకుంటున్నా, ఇవాళ ఏమైందో తెలుసా? ఒకావిడ రివర్సు చేస్తూ తిన్నగా ఐస్‌క్రీమ్ బండి మీదికి..."

"ఆగండి."

ఆ మాట ఆయన ఈవిడ నోట ఏడాదిగా వినలేదు. ఆగాడు.

"నేను బజారులో లేను. ముక్కు చెవి గొంతు ఆస్పత్రిలో ఉన్నాను. చెవి ఆపరేషను. ఇప్పుడే."

అవతల ఎవరో కారు తలుపు వేసిన చప్పుడు. "ఏ చెవి?" అన్నాడు.

"కుడి."

"అంటే... నేను కూర్చునే వైపు."

"ఏడాదిగా."

"మరి నేను చెప్పిందంతా?"

"సగం వినబడింది. ఆ సగమే ఎక్కువైంది."

ఆయన నవ్వలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా ఉంది, తనకు చెప్పి తీరాలన్న హక్కు ఉంది, ఆ హక్కు వినగానే ఈవిడ నాలిక చివరికి సమాధానం రానే వచ్చింది. మీరు అడిగారా? నూరి నూరి పెట్టుకున్న కత్తి. అంత పదునుగా అది ఇంకెప్పుడూ లేదు. పక్కన ఆ భారీ మనిషి పేరు పిలిస్తే లేచాడు, పీచుమనిషి ఆయన మోచెయ్యి పట్టుకుంది, ఇద్దరూ పడవలా ఊగుతూ లోపలికి వెళ్ళారు, వరసంతా తేలికై పైకి లేచింది. ఆవిడ ఒక్కతే మిగిలింది. వెన్ను నిటారుగానే పెట్టుకుంది. తప్పు ఒప్పుకోవడానికి వంగాలని ఎక్కడా లేదు.

"మీరు చూసుకోలేదు, అది మీ తప్పు," అంది. "దాని సంగతి తర్వాత తీరిగ్గా పోట్లాడదాం, ఈసారి రెండు చెవులా వింటాను. ఇప్పుడు నాది చెబుతున్నాను, మధ్యలో మాట్లాడకండి."

"చెప్పు."

ఫోను ఎడమచెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. తన గొంతు తనకే తలలో గంటలా మోగుతోంది, అయినా ఈసారి తగ్గించలేదు. కౌంటరు అమ్మాయి తలెత్తి చూసింది, నీళ్ళ డబ్బా దగ్గర గ్లాసు నింపుకుంటున్న నర్సు కూడా చూసింది, చూడనీ.

"నాకు భయంగా ఉందండీ. చెప్పకుండానే మీకు తెలియాలని కూర్చున్నాను, తెలియకపోతే బాగుండునని కూడా కూర్చున్నాను. అది నా తప్పు. రండి."